పెరటి కాపును వానకాలమునకు నిలుపుకొనుట

పెరటిలో నాలుగు వంగమొక్కలు, రెండు కాకరపాదులు, గోడవారగా ఒక మునగచెట్టు ఉన్న ఇల్లాలిని కూరగాయల సంగతి అడిగినచో, "ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి" అని ఒక్క మాటలో తేల్చివేయును. కాపు మొదలైన పది దినములు ఇంటికి సరిపోవును. తరువాత నెల దినములు ఇరుగుపొరుగులకు పంచిపెట్టినను తరుగదు. మొక్క ఉడిగిన పిమ్మట సంతకు పోక తప్పదు. మాఘ ఫాల్గుణములలో పశువుల దొడ్డిలో పారవేసిన వంకాయలనే శ్రావణమాసమున ముసురుపట్టిన నాడు రెట్టింపు వెలపెట్టి కొనుచుందుము.

ఈ వైపరీత్యము పెరళ్లకు మాత్రమే పరిమితమైనది కాదు. 2023వ సంవత్సరము జూలై నెలలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమాటా ధర 100 రూపాయలను దాటిపోయినది. సెప్టెంబరు వచ్చునప్పటికి ఆ ధర 10 రూపాయల లోపునకు దిగజారినది. రెండు నెలల వ్యవధిలో ఒకే పంట బంగారమై, మరల చెత్తయైనది. పెద్ద మార్కెట్ల ఒడుదుడుకులను సరిదిద్దుట ఈ వ్యాసము పని కాదు. మన పెరటిలో, మన కొద్దిపాటి చెలకలో మిగిలిన కాపును చెడిపోనీయక వానకాలమునకు దాచుకొనుట మాత్రము మన చేతిలోని పని.

ఆ పని మన ఇండ్లకు క్రొత్త కాదు. ఒరుగులు, వడియాలు, ఊరమిరపకాయలు, మాగాయ, తాండ్ర అను పేర్లు ఎరుగని తెలుగు ఇల్లు లేదు. వ్యాసకర్తలమైన మేమును బాల్యమున మేడపై వెదురుకర్ర చేతబట్టుకొని వడియాలపై వ్రాలు కాకులను తోలు ఉద్యోగమును వేసవి సెలవులన్నిటను నిర్వహించినవారమే. అయినను తెలిసిన పనియే గదా అను ధీమాతో చేయుటవలన ప్రతి సంవత్సరము ఎన్నో ఇండ్లలో ఒరుగులు బూజుపట్టుచున్నవి. పెద్దలు చేసిన ప్రతి క్రియకును ఒక కారణము కలదు. ఆ కారణము తెలిసినచో ఎక్కడ జాగ్రత్త వహింపవలెనో ఎక్కడ సడలింపవచ్చునో తేటపడును.

నీటి సంగతి

వంకాయలో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. టమాటాలో సుమారు 94 పాళ్లు. 10 కిలోల టమాటాలను చక్కగా ఎండబెట్టినచో మిగులునది 600 నుండి 700 గ్రాములు మాత్రమే. తక్కినదంతయు గాలిలో కలిసిపోయిన నీరు. కాయను చెడగొట్టు సూక్ష్మజీవులు బ్రతుకుటకు ఆ నీరే ఆధారము. అయితే వానిలో అన్నిటికిని ఒకే మోతాదు తడి అక్కరలేదు. కుళ్లు పుట్టించు బాక్టీరియాకు ఎక్కువ తడి కావలెను. బూజునకు అంతకంటె చాల తక్కువ తడి చాలును. అందువలననే సగము ఎండిన ఒరుగు కుళ్లి వాసన కొట్టదు గాని బూజుపట్టును. చేతికి ఎండినట్లు తగిలినంతమాత్రమున పని ముగిసినదని తలచుట ఇందువలన ప్రమాదము.

సూక్ష్మజీవులు గాక కాయలోనే పుట్టిన మరియొక శత్రువు కలదు. కోసిన వంకాయ ముక్క నిమిషములలో నల్లబడుట మనము చూచుచునే యుందుము. కాయలో సహజముగా నుండు ఎంజైములు గాలి సోకినంతనే పనిచేయనారంభించుటయే ఇందులకు కారణము. ఎండిన తరువాత కూడ ఇవి మెల్లమెల్లగా రంగును రుచిని చెరచుచుండును. గోరుచిక్కుళ్లను ఉప్పు వేసిన నీటిలో ఒక ఉడుకు రానిచ్చి ఎండబెట్టు ఆచారము పలుచోట్ల కలదు. ఆ ఒక్క ఉడుకు ఎంజైముల పని కట్టివేయుచున్నది. గోరుచిక్కుడు, చిక్కుడు, క్యారెట్టు వంటివానిని పలుచని గుడ్డలో మూటగట్టి మరుగుచున్న నీటిలో రెండు మూడు నిమిషములుంచి, తీసినవెంటనే చన్నీటిలో ముంచి, నీరు ఓడ్చి ఆరవేయవలెను. అంతకంటె ఎక్కువసేపు ఉంచినచో ముక్క మెత్తబడి సారము నీటిలో దిగిపోవును. వంకాయ ముక్కలను తరిగినవి తరిగినట్లే ఉప్పునీటిలో వేయుచుండినచో నల్లబడుట తగ్గును. కాకరకాయ చక్రములకు ఉప్పు, పసుపు పట్టించి ఒక పూట ఉంచి పిండినచో చేదు కొంత పోవుటయే గాక ఎండవలసిన నీరు కూడ ముందే తగ్గును.

ముక్క మందము విషయమున మాత్రము రాజీ పనికిరాదు. పావు అంగుళమునకు మించిన మందముగల ముక్కలు పైన గట్టిపడి లోపల పచ్చిగా నిలిచిపోవును. ఒక ముక్క పలుచగా ఒక ముక్క దళసరిగా ఉన్నచో పలుచనిది మాడిపోవును, దళసరిది డబ్బాలో చేరి తక్కినవానిని కూడ చెరచును. ఓపికగా ఒకే తీరున తరుగు చేతికి సగము పని అప్పుడే అయిపోయినట్లు.

ఎండ కంటె గాలి

ఎండ తీవ్రముగా ఉన్నచో చాలునని మనమందరము అనుకొందుము. నిజమునకు తడిని మోసికొనిపోవునది గాలి. రాయలసీమలో వేసవిగాలి పొడిగా నుండుటచేత మామిడి ఒరుగు త్వరగా ఎండును. సముద్రతీర గ్రామములలో ఎండ అంతే ఉన్నను గాలిలో తడి హెచ్చుగా నుండుటచేత అదే పనికి మరి రెండు దినములు పట్టవచ్చును. తీరమునందైనను మెట్టయందైనను రాత్రివేళ గాలిలోని చెమ్మ పెరుగును. ప్రొద్దు క్రుంకకముందే ఒరుగులను ఇంటిలోనికి చేర్చకున్నచో పగలంతయు పోగొట్టిన నీటిలో కొంత తెల్లవారునప్పటికి మరల లోనికి చేరియుండును. అమ్మమ్మలు సాయంకాలమున చేటలెత్తుకొని లోనికి పరుగెత్తుట చాదస్తము కాదు.

నేలపై పరచిన చాప క్రిందినుండి గాలి ఆడదు. నులకమంచముపై పలుచని తెల్లగుడ్డ పరచి దానిపై ముక్కలను ఒకదానికొకటి తగులకుండ పరచినచో క్రిందినుండియు మీదినుండియు గాలి ఆడి సగము కాలములోనే ఎండును. పైన పాత దోమతెర కప్పినచో ఈగలు, దుమ్ము, కాకులు మూడును దూరమగును. మధ్యాహ్నమున ఒకసారి త్రిప్పివేయవలెను. రోడ్డుప్రక్క తారుమీద మిరపకాయలు ఎండబోయుట మనకు అలవాటైపోయినది. వాహనముల పొగయు, చక్రముల మట్టియు ఆ కాయకు పట్టుచుండును. అంతకంటె చెడ్డ అలవాటు, ఎరువులు పురుగుమందులు వచ్చిన సంచులను కోసి పరచి వానిపై తినుబండారములను ఎండబెట్టుట. ఎంత కడిగినను ఆ సంచులు వంటయింటి పనికి తగవు.

ఆకుకూరల మార్గము వేరు. మునగాకు, మెంతికూర, కరివేపాకు వంటివానిలో విటమిను ఏ గా మారు కెరోటిన్ సమృద్ధిగా నుండును. సూటియైన ఎండ తగిలినచో అది త్వరగా నశించును, ఆకు తెల్లబోవును. వీనిని కడిగి, నీరార్చి, గాలి ఆడు నీడలో పలుచగా పరచవలెను. రెండు మూడు దినములలో గలగలలాడు ఆకు చేతితో నలిపినంత పొడియగును. ఆ పొడిని పప్పులోను రొట్టెపిండిలోను కలుపుకొనవచ్చును.

ఎండబెట్టిన కూరలో తాజా కూరలోని గుణములన్నియు ఉండునని చెప్పుట మాత్రము సరికాదు. విటమిను సి చాలవరకు పోవును. ఉసిరికాయలో అది 100 గ్రాములకు 250 మిల్లీగ్రాముల వరకు ఉండుటచేత కొంత పోయినను కొంత మిగులును. పీచుపదార్థము, ఖనిజలవణములు పోవు. కావున ఒరుగులను తాజా కూరకు బదులుగా గాక, తాజా కూర దొరకని దినములకు తోడుగా భావింపవలెను.

ఉప్పు, పులుపు, ఎండ

మన పెద్దలు ఎండనొక్కదానినే నమ్ముకొనలేదు. గుమ్మడి వడియములనే చూడుడు. బూడిదగుమ్మడికాయను సన్నగా తరిగి, ఉప్పు పసుపు కలిపి, గుడ్డలో మూటగట్టి రాత్రియంతయు బరువు క్రింద ఉంచెదరు. తెల్లవారునప్పటికి గిన్నెడు నీరు కారిపోవును. ముక్కలోని నీటిని ఉప్పు బయటకు లాగినది. అనగా సూర్యుడు ఉదయింపకముందే పనిలో పెద్దభాగము ముగిసినది. తరువాత ఆ ముక్కలను గట్టిగా రుబ్బిన మినపపిండిలో, పచ్చిమిరపకాయల ముద్దతో కలిపి గుడ్డపై పెట్టెదరు. నీరు పోయని గట్టిపిండియే ఎందుకనగా, పోసిన ప్రతి చుక్కను మరల ఎండకే అప్పగింపవలసియుండును.

ఊరమిరపకాయలలో ఇంకను ముందుకు పోయిరి. గాటుపెట్టిన కాయలను ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో రెండు మూడు దినములు ఊరనిచ్చి, పగలు ఎండలో పరచి రాత్రి మరల ఆ మజ్జిగలోనే వేయుచు, మజ్జిగ అంతయు కాయకు పట్టిన పిమ్మట పూర్తిగా ఎండబెట్టెదరు. ఉప్పు ఒక తాళము, పులుపు రెండవ తాళము, ఎండ మూడవది. ఒక తాళము కొంత వదులైనను తక్కిన రెండును కాపాడును. మాగాయ కథయు ఇట్టిదే. మామిడి ముక్కలను ఉప్పు పసుపులలో మూడు దినములు ఊరవేసి, పిండి ఎండబెట్టి, ఆ ఊటను కూడ విడిగా ఎండలో పెట్టి, పిమ్మట రెంటిని కలిపి కారము, ఆవపిండి, మెంతిపిండి చేర్చెదరు.

ఆవకాయ విషయమున ప్రతి ఇంట ఒక శాస్త్రము కలదు గనుక మేము జోక్యము చేసికొనము. ఒక్క మాట మాత్రము చెప్పవలసియున్నది. ఇటీవల రక్తపోటు భయముచేత ఊరగాయలో ఉప్పు తగ్గించుట ఎక్కువైనది. భయము న్యాయమైనదే. రోజునకు 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అయితే జాడీలో ఉప్పు తగ్గించినచో జాడీయే చెడును. మొత్తము బరువులో ఉప్పు నూటికి 15 పాళ్లకు తగ్గకుండ ఉంచి, విస్తరిలో ఊరగాయను తగ్గించుకొనుట మేలు. ముక్కలు మునుగునట్లు పైన నూనె నిలువవలెను. బూజు గాలి లేనిదే పెరుగదు గనుక నూనె గాలికి అడ్డుకట్ట. తడిగరిటె వేయుట ఆ కట్టకు గండికొట్టుటయే.

పండ్లలో నీరు తీయుటకు చక్కెర, బెల్లము ఉప్పు చేయు పనినే చేయును. మామిడితాండ్ర అందులకు దృష్టాంతము. తూర్పు గోదావరి సీమలో ఆత్రేయపురము, విజయనగరము వైపు భీమాలి తాండ్రకు పేరుపొందినవి. మామిడిరసములో చక్కెర లేదా బెల్లము కలిపి చాపపై పలుచగా పూసి, ఆ పొర ఎండిన పిమ్మటనే దానిపై మరియొక పొర పూసెదరు. ఇట్లు పొరపై పొరగా వారముల తరబడి సాగును. తొందరపడి ఒక్కమారే దళసరిగా పూసినచో పైన తోలు కట్టి లోపల రసము పులిసిపోవును. ఇంటిలో చేసికొనువారు నూనె రాసిన స్టీలు పళ్లెములలో పూసి దోమతెర కప్పినచో ఈగల బాధ ఉండదు. రంగు నిలుచుటకు పొటాషియం మెటాబైసల్ఫైటు అను రసాయనమును కొద్దిగా వాడువారు కలరు. ఇంటి వాడుకకు అది తప్పనిసరి కాదు. ఉబ్బసము గలవారికి గంధకము కలిసిన ఆ పదార్థము పడకపోవచ్చును గనుక అట్టి వారున్న ఇంట వాడకుండుటయే మంచిది.

ఎండపెట్టె

అకాలపు జల్లు ఒక్కటి చాలును నాలుగు దినముల శ్రమను మంటగలుపుటకు. ఈ బెడద తప్పించుకొనుటకు ఊరి వడ్రంగిచేత ఒక ఎండపెట్టెను చేయించుకొనవచ్చును. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల చెక్కపెట్టె చాలును. లోపల నల్లరంగు పూయించవలెను. పైకప్పుగా అద్దమునుగాని ఎండకు ఓర్చు పాలిథిన్ రేకునుగాని దక్షిణమునకు కొద్దిగా వాలుగా అమర్చవలెను. ముందువైపు అడుగున కొన్ని రంధ్రములు, వెనుకవైపు పైభాగమున కొన్ని రంధ్రములు పెట్టి వానికి దోమల జాలి బిగించవలెను. మధ్యలో ముక్కలు పరచుటకు జాలి తట్ట. లోని గాలి వేడెక్కి పైరంధ్రములగుండ పోవుచుండగా క్రిందినుండి క్రొత్తగాలి వచ్చుచుండును. మంచి ఎండలో పెట్టెలోపల 50 నుండి 65 డిగ్రీల సెంటిగ్రేడు వేడి పుట్టును. ఎండుటకు ఇది తగిన వేడి. రంధ్రములు మూసివేసి ఇంకను వేడిచేయవలెనని చూచినచో ముక్క పైపొర బిగిసి లోని తడిని బంధించును. అప్పుడు పెట్టె ఎండబెట్టుట మాని ఉడుకబెట్టుట మొదలిడును.

డబ్బాలో చేరిన తరువాత

కూరగాయల ఒరుగు వంచినచో పుటుక్కున విరుగవలెను. పండు ముక్క తోలువలె వంగవచ్చును గాని నొక్కినప్పుడు తడి ఊరరాదు. ఇంతవరకు చాలమందికి తెలియును. తెలియనిది ఆ పైది. మా ఇంటిలోనే జరిగినది చెప్పెదము. ఊరూర తిరిగి నిలువ పద్ధతులను గూర్చి ప్రసంగించు మా ఇంట ఒక సంవత్సరము మామిడి ఒరుగులు ఆషాఢమునకే బూజుపట్టెను. ఒరుగులు బాగుగనే ఎండినవి. సాయంకాలము మేడపైనుండి దించిన వెంటనే, వేడి చల్లారకమునుపే, డబ్బాలో పోసి మూత బిగించితిమి. ఆ వేడికి లోపల చెమ్మ పుట్టి మూతకు నీటిబొట్లు పట్టి మరల ముక్కలపైననే పడినవి. మా అత్తగారు "బూజు దులిపి రెండెండలు పెడితే సరిపోతుందిలెండి" అనిరి. ఆమె తరమంతయు అట్లే చేసినది. మేము ఒప్పుకొనక డబ్బాడు ఒరుగులను గోతిలో పూడ్పించితిమి. ఆ సంవత్సరము మామిడికాయ పప్పు వండినప్పుడెల్ల మాకా మాట వినబడుచునే యుండెను.

ఒప్పుకొనకపోవుటకు కారణము కలదు. ఆస్పర్జిల్లస్ అను జాతి బూజులలో కొన్ని అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. మిరపకాయ, వేరుశనగ, మొక్కజొన్నలలో దీని భయము ఎక్కువ. ఇది కాలేయమును దెబ్బతీయును, దీర్ఘకాలమున కాన్సరునకు దారితీయును. పైబూజు దులిపినను లోనికి దిగిన విషము పోదు. ఇంటి వంటలోని వేడికిని పూర్తిగా నశింపదు. బూజుపట్టిన ఒరుగును పశువులకు పెట్టుటయు తగదు. పాడిపశువు తిన్నచో ఆ విషములో కొంత పాలలో దిగును.

కావున ఎండిన ముక్కలను మొదట నీడలో పూర్తిగా చల్లారనీయవలెను. గాజుసీసాలో మూడింట రెండు వంతులు మాత్రమే నింపి మూతపెట్టి, వారముదినములు రోజునకొకసారి కుదుపుచు చూడవలెను. సీసా లోపలి గోడకు మంచు పట్టినట్లు కనబడినచో ముక్కలింకను తడియే, మరల ఎండలో పెట్టవలెను. వారము తరువాత కూడ పొడిగా నున్నచో నిలువకు సిద్ధమైనట్లు. పెద్ద డబ్బా ఒకటి కంటె చిన్న సీసాలు నాలుగు మేలు. ఒకటి తెరచి వాడుచున్నప్పుడు తక్కిన మూటికి వానగాలి సోకదు. సీసాపై చీటి అంటించి నెల, సంవత్సరము వ్రాసియుంచుకొనవలెను.

ఇక ఒక హెచ్చరిక. పచ్చి కూరగాయలను నీటితో సీసాలలో పోసి, ఉడికించి, గాలి చొరకుండ మూసి నెలల తరబడి దాచుట ఇంటిలో చేయదగిన పని కాదు. చిక్కుడు, బఠాణీ, క్యారెట్టు వంటి పులుపులేని కూరలలో బొట్యులినమ్ అను బాక్టీరియా బీజములు మరుగునీటి వేడికి చావవు. గాలిలేని సీసాలో అవి మొలచి ప్రాణాంతకమైన విషమును పుట్టించును. వాసన మారకపోవచ్చును, రంగు మారకపోవచ్చును. ఆ బీజములను చంపుటకు ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల వేడి కావలెను. డబ్బాల కర్మాగారములలో అందులకు తగిన యంత్రములుండును. పచ్చి వెల్లుల్లిని వట్టి నూనెలో వేసి దాచుటయందును ఇదే అపాయము కలదు. ఎండినదానిలో నీరు లేదు గనుకను, ఊరగాయలో ఉప్పు పులుపు ఉన్నవి గనుకను ఆ భయము లేదు.

స్వయంసహాయక సంఘముల సోదరీమణులు కొందరు ఇంటికి మించి తయారుచేసి అమ్మకమునకు పెట్టుచున్నారు. అమ్మువారు 2006వ సంవత్సరపు ఆహారభద్రత, ప్రమాణముల చట్టము క్రింద నమోదు పొందవలెను, పొట్లముపై తయారుచేసిన తేదీ ముద్రింపవలెను. చిన్న ఆహారపరిశ్రమలకు అప్పుతో ముడిపెట్టి రాయితీ ఇచ్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2020లో ప్రారంభించినది. ఎండబెట్టు విధానములపై శిక్షణ కోరువారు తమ ప్రాంతపు కృషి విజ్ఞాన కేంద్రమున విచారింపవచ్చును. మైసూరులో 1950లో స్థాపింపబడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ కూడ ఈ రంగమున శిక్షణ ఇచ్చుచున్నది.

వాడుకొనునప్పుడు వంకాయ, చిక్కుడు ఒరుగులను గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి, ఉప్పు కలిపి ఎండినవైనచో ఆ నీటిని పారబోసి, ఉప్పు లేనివైనచో ఆ నీటితోనే వండవలెను. మామిడి ఒరుగును నానబెట్ట పనిలేదు. కందిపప్పు సగము ఉడికినప్పుడు అందులో వేసినచో పప్పుతోపాటు తానును మెత్తబడును. ఒరుగులలో ఉప్పు ముందే ఉన్నది గనుక పప్పునకు ఉప్పు చివర రుచి చూచి వేయవలెను.